మింగిన మంట

వదిన చచ్చిపోవాలని నాగజ్యోతి ఎప్పుడూ కోరుకోలేదు. చచ్చిపోతే ఏముంది, పదకొండో రోజు భోజనాలు తిని చేతులు కడుక్కుంటూ అందరూ మంచి మనిషే అంటారు. వదిన బతకాలి. నూరేళ్ళు బతకాలి. తిన్నది గొంతులోకి ఎగదన్నుతుంటే పడుకోలేక, కూర్చోలేక, కక్కలేక, మింగలేక, ఎవరికి చెప్పుకున్నా "గ్యాసే కదా" అనిపించుకుంటూ బతకాలి. అచ్చం తాను బతుకుతున్నట్టు బతకాలి. అంతకన్నా నాగజ్యోతి దేవుణ్ణి అడిగిందేమీ లేదు.

వదిన అంటే ఆమె భర్త దేవీప్రసాద్‌కు అక్క, శ్రీదేవి. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్ళయి వెళ్ళింది కూడా ఊరు దాటలేదు, అదే అనకాపల్లిలో రెండు వీధుల అవతలికి. పొద్దున్నే కాఫీ తాగి తమ్ముడింటికి వచ్చేస్తుంది. ఇడ్లీ పిండి పులిసిందో లేదో చూస్తుంది, పనిమనిషిని మారుస్తుంది, బీరువా తాళాలెక్కడ అని అడుగుతుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. మార్కెట్లో తన బెల్లం కొట్టులో దిమ్మ విరిచి చూసి రకం చెప్పేసే దేవీప్రసాద్, ఇంట్లో మాత్రం కూర బాగుందో లేదో కూడా అక్క ముఖం చూసి చెప్తాడు. ఆవిడ మాట ఆ ఇంట్లో కోర్టు తీర్పు. పైకోర్టు లేదు.

నాగజ్యోతిది కశింకోట దగ్గర చెరకు పండించే ఇల్లు. కోడలుగా వచ్చినప్పుడు బక్కపల్చగానే ఉండేది. కూతురు పుట్టాక ఒళ్ళు చేసింది. ఆ ఒళ్ళు ఆమెకేమీ అడ్డు రాలేదు. ఇంటెడు చాకిరీ ఒంటిచేత్తో చేసేది. శనివారాలు ఆడవాళ్ళ భజన బృందంతో ఉప్మాక వెంకన్న గుడికి వెళ్ళి మైకు లేకుండా పాడేది. ఆమె గొంతెత్తితే తాళాలు వాయించేవాళ్ళు వాయించడం మరిచిపోయి వినేవారు. బరువనిపించింది శ్రీదేవికే.

"మా తమ్ముడి పక్కన నువ్వు నిలబడితే వాడు నీ కొడుకులాగ కనబడతన్నాడే," అనేది పదిమందిలో. నవ్వుతూనే అనేది. నవ్వుతూ అన్నమాటకు కోపగించుకుంటే కోడలిదే తప్పవుతుంది కాబట్టి నాగజ్యోతి కూడా నవ్వేది.

ఆఖరికి ఒకనాడు శ్రీదేవి విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి కబురు పట్టుకొచ్చింది. పొట్టలో సంచిని ముప్పాతిక వంతు కోసి తీసేస్తారట. మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టేస్తారట. ఇక తినమన్నా తినలేరట. దేవీప్రసాద్ అక్క ముఖం చూసి సరేనన్నాడు. పంతులుగారు మంచిరోజు పెట్టారు. ఆ వారం దాటితే మూఢం వచ్చేస్తోందని, ఆ రోజు తప్పించకూడదని మరీ మరీ చెప్పారు. సీజనులో కొట్టు వదిలి రాలేనని దేవీప్రసాద్ ఆగిపోతే, నాగజ్యోతికి తోడుగా శ్రీదేవే వెళ్ళింది.

డాక్టరు నెమ్మదైన మనిషి. కాగితాలు చూసి, "గొట్టం వేసి చూస్తే అన్నం దిగే దారి అడుగున కాస్త ఎర్రగా ఉందమ్మా. గుండెల్లో మంట, పుల్లటి నీళ్ళు గొంతులోకి రావడం, అలాంటివి ఉన్నాయా? ఉంటే దాచకుండా చెప్పండి. అలాంటివాళ్ళకు ఈ పద్ధతి చేస్తే బాధ ముదిరిపోవచ్చు. వేరే రకం ఆపరేషన్ ఉంది. ఇంకొన్ని పరీక్షలు చేసి, తేదీ మార్చుకుందాం," అన్నాడు.

నాగజ్యోతికి ఉంది. కాన్పు దగ్గర్నుంచీ ఉంది. చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో టేబుల్ కిందనుంచి శ్రీదేవి చెయ్యి వచ్చి ఆమె చేతిని గట్టిగా నొక్కింది.

"అబ్బే, అలాటివేటీ లేవండి. నిన్న ఆవకాయ ఎక్కువ తినీసింది. దానికే ఎర్రబడుంటాది," అంది శ్రీదేవి.

డాక్టరు రోగిని అడగడం, పక్కన కూర్చున్న పెద్దావిడ జవాబు చెప్పడం మన ఇళ్ళలో కొత్త కాదు. ఆ డాక్టరుకూ కొత్త కాదు. అయినా ఒకసారి నాగజ్యోతి వైపు చూశాడు పాపం. శ్రీదేవి చెయ్యి ఇంకా నొక్కే ఉంది. నాగజ్యోతి వదిన మాటకే తలూపింది. పంతులుగారు పెట్టిన ముహూర్తానికే కోత పడింది.

ఏడాది తిరిగేసరికి నాగజ్యోతి నిజంగానే సన్నబడింది. పాత జాకెట్లన్నీ కుట్టు విప్పి మళ్ళీ బిగించాల్సి వచ్చింది. వీధిలో వాళ్ళు ఆగి ఆగి చూశారు. పేరంటాలకు వెళ్తే శ్రీదేవి ఆమె భుజం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "నేనే సేయించేను," అని చెప్పుకుంది, చీరల కొట్లో చీర మడత విప్పి చూపించినట్టు.

లోపల ఏం జరుగుతోందో ఎవరూ తిప్పి చూడలేదు. ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చే మంట ఇప్పుడు కాపురానికే వచ్చేసింది. ముద్ద దిగిన కాసేపటికి రొమ్ము వెనక నిప్పు రాజుకుంటుంది. ముగ్గు వేద్దామని వంగితే పుల్లనీళ్ళు నోట్లోకి వస్తాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరందక దగ్గు. మంచమ్మీద పడుకోవడం మానేసి, గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చునే కునుకు తీయడం అలవాటు చేసుకుంది. కూతురు ఒళ్ళో ఎక్కి పొట్టకు తల ఆనిస్తే, పిల్లను పక్కకు జరపాల్సి వస్తుంది. పిల్లకు అర్థం కాక అలిగేది. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మానేస్తే రెట్టింపై వస్తుంది. పుల్లనీళ్ళు ఎగదన్ని ఎగదన్ని గొంతు బొంగురుపోయింది. భజన బృందంలో మొదట్లో ఆమెను ముందు కూర్చోబెట్టేవారు. తర్వాత పక్కన కూర్చోబెట్టారు. తర్వాత ఆమె వెళ్ళడమే మానేసింది.

భర్తతో చెప్పుకుంది. ఒకసారి కాదు. "తక్కువ తిను, అదే పోద్ది," అన్నాడు దేవీప్రసాద్. అక్కను అడిగాడు. "గ్యాసు. వాము నమలమను," అంది అక్క. తీర్పు అయిపోయింది. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరకు వెళ్దామంటే, నాజూగ్గా సన్నబడ్డ మనిషికి డాక్టరెందుకని నవ్వాడు.

అప్పటిదాకా అది బాధే. కసిగా మారింది శ్రీదేవి కూతురు పావని గాజుల పేరంటంలో. ఊరి ఆడవాళ్ళంతా చేరారు. ఎవరో కొత్తావిడ, "నాగజ్యోతి బాగా పాడుద్దంట కదా, ఓ పాట అనమనండి," అంది. నాగజ్యోతి ముందుకు జరిగి కూర్చుంది. ఇన్నాళ్ళకు ఎవరో అడిగారు. గొంతు సవరించుకుంది. రెండు మాటలు వచ్చేసరికి గొంతు జీరపోయి దగ్గు తన్నుకొచ్చింది.

శ్రీదేవి అందరికన్నా ముందు నవ్వింది. "గొంతు పోతే పోయింది గానీ నడుం సూడండి. ఏదో ఒకటే ఇత్తాడు దేవుడు," అంది.

అందరూ నవ్వారు. నాగజ్యోతి కూడా అలవాటు కొద్దీ నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ కొట్టిందీ ఒక్కతే, నవ్విందీ ఒక్కతే. ఆ రోజు ఇంటికి వచ్చి దేవుడి గదిలో నిలబడి, ఏ మొక్కూ లేకుండా ఒక్కటే అడిగింది. మొదట్లో చెప్పినదే.

దేవుడు కొన్ని కోరికలను ఎందుకంత తొందరగా వింటాడో తెలీదు. ఆ ఎండాకాలమే శ్రీదేవికి షుగరు బయటపడింది. మోకాళ్ళు పట్టేశాయి. ఒళ్ళు తగ్గించకపోతే కుదరదని ఇక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడు. శ్రీదేవి తిన్నగా తమ్ముడింటికి వచ్చి నాగజ్యోతిని ఎగాదిగా చూసింది.

"నేనూ సేయించీసుకుందామనుకుంటన్నాను, జ్యోతీ. నీకెలగుంది, నిజం సెప్పు."

నాగజ్యోతి చేతిలో కూరగాయల కత్తి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన అవకాశం తానంతట తానే వచ్చి ముందు నిలబడింది. ఒక్క నిజం చెప్తే చాలు, వదిన వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని కూడా పుల్లనీళ్ళతో పాటు మింగేసింది.

"నాకేటొదినా, రాయిలాగున్నాను. ముందే సేయించుకోవలసిందనిపిత్తాది," అంది.

శ్రీదేవి అంత సులభంగా నమ్మే మనిషి కాదు. ఆదివారం భోజనానికి రమ్మంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పులిహోర, నేతిలో ముంచిన బూరెలు చేసి ఎదురుగా కూర్చుంది. మరదలు తింటుందా, నటిస్తుందా అని చూడ్డానికే చేసిన వంట అది. నాగజ్యోతికి తెలుసు. ఇలాంటి తిండి తిని మూడేళ్ళయింది. ఒక్కో ముద్దా నమిలి నమిలి మింగింది. రెండు బూరెలు తింది. "ఇంకోటి ఎయ్యండొదినా," అని కూడా అంది. అరటికాయంత గొట్టంలో అవన్నీ ఎక్కడ పట్టాలి. పొట్ట కింద నుంచి పైదాకా మెలితిప్పుతుంటే నవ్వుతూ చెయ్యి కడుక్కుంది.

"కాసేపు నడుం వాల్సు," అంది శ్రీదేవి చాప పరిచి. తనూ పక్కనే మంచమ్మీద ఒరిగింది.

నాగజ్యోతి వెల్లకిలా పడుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆవ ఘాటు, బెల్లం తీపి, నెయ్యి అన్నీ కలిసి నిప్పుటేరులా గొంతులోకి పాకాయి. దగ్గొస్తే దొరికిపోతుంది. పళ్ళు బిగబట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతుంటే, "ఫ్యాను గాలికి కళ్ళు మండుతున్నాయొదినా," అంది. ఆ బాధలో ఆమెకు ఒక రకమైన ఆనందం కలిగింది. ఇదంతా వడ్డీతో సహా నీకే పంపిస్తున్నానులే అనుకుంది.

మంచమ్మీద నుంచి పెద్ద తేన్పు వినబడింది. ఇంకొకటి. శ్రీదేవి లేచి కూర్చుని రొమ్ము రుద్దుకుంది. తలగడ కింద నుంచి గులాబీరంగు మందు సీసా తీసి, మూతతో కొలవకుండా గడగడా రెండు గుక్కలు తాగింది.

నాగజ్యోతి మెల్లిగా అడిగింది. "మీకూ పుల్లనీళ్ళు వత్తాయా ఒదినా?"

"గ్యాసు లేవే. పావని కడుపున పడ్డకాడ్నుంచీ ఉన్నదే. మా అమ్మకీ ఉండీది," అని శ్రీదేవి మళ్ళీ ఒరిగి గోడవైపు తిరిగింది.

ఆ మాటను నాగజ్యోతి ఒక్క చెవితోనే వింది. వదినకూ ఉంది, అన్నంత వరకే విని దాచుకుంది. మిగతా సగం ఆమెకు అవసరమనిపించలేదు. పగ పట్టినవాళ్ళకు ఎదుటివాళ్ళ మాటలో పనికొచ్చే ముక్కే వినబడుతుంది.

విశాఖపట్నం వెళ్ళే రోజు వచ్చింది. తోడుగా ఎవరు వెళ్ళాలి? ముందు చేయించుకున్న మనిషి, అన్నీ తెలిసిన మనిషి నాగజ్యోతే. దేవీప్రసాద్ స్వయంగా కారు మాట్లాడి, "అక్కని జాగర్త," అని మూడు వీధులకు వినబడేలా చెప్పి పంపించాడు. నాగజ్యోతి వెళ్ళినప్పుడు అతను గుమ్మం దాకా కూడా రాలేదు. అది కూడా ఆమె లెక్కలో వేసుకుంది. ఎవరి ఖాతాలో అంటే, వదిన ఖాతాలోనే.

అదే గది. అదే డాక్టరు, జుట్టు కాస్త నెరిసింది. నాగజ్యోతిని గుర్తుపట్టాడు. "బాగా తగ్గారమ్మా. మొదటి నెల తర్వాత మళ్ళీ రానేలేదు. ఎలా ఉంది? ఇబ్బందులేమైనా?"

"ఏటీ లేవండి. బాగుంది."

గొంతులోని జీర విని ఆయన ఒక్క క్షణం ఆగాడు. "జలుబా?"

"అవునండి."

ఆయన శ్రీదేవి కాగితాలు తిప్పాడు. శ్రీదేవి ఎప్పుడూ లేనిది చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా కూర్చుంది. రోగి కుర్చీలో కూర్చునేసరికి ఆవిడ దర్జా అంతా బయట చెప్పులతో పాటే ఉండిపోయింది. "ఈవిడకు కూడా కింద కాస్త ఎర్రదనం ఉంది. గుండెల్లో మంట, పులితేన్పులు, రాత్రిపూట నీళ్ళు గొంతులోకి రావడం ఉన్నాయా?"

శ్రీదేవి నాగజ్యోతి వైపు చూసింది. వాళ్ళింట్లో ఆసుపత్రి పద్ధతి అదే కదా, పక్కనున్నవాళ్ళు చెప్పాలి. ఆ చూపులో ఇంకొకటి కూడా ఉంది. ఈవిడకూ ముహూర్తం పెట్టించారు. తేదీ మారితే మళ్ళీ ధైర్యం రాదేమోనన్న భయం ఉంది.

"మీరు చెప్పండమ్మా, రోజూ చూస్తుంటారుగా," అన్నాడు డాక్టరు. "ఉంటే వేరే పద్ధతి చేద్దాం. తేడా చాలా ఉంటుంది."

తేడా ఎంత ఉంటుందో ఆ గదిలో నాగజ్యోతికి తెలిసినట్టు డాక్టరుకు కూడా తెలీదు. ఆమె కళ్ళముందు తలగడ కింది గులాబీ సీసా కదిలింది. గాజుల పేరంటంలో నవ్విన పళ్ళ వరస కదిలింది. తన చేతిని నొక్కిన చెయ్యి ఇప్పుడు ఒళ్ళో ముడుచుకుని ఉంది. నాగజ్యోతి తన చెయ్యి చాచి దాన్ని పట్టుకుంది. గట్టిగా నొక్కింది.

"లేదండి. మా ఒదిన గుండ్రాయి అరిగించుకునే మనిషి," అంది.

డాక్టరు రాసుకున్నాడు. బయటికి వచ్చాక వరండాలో శ్రీదేవి ఆమె భుజమ్మీద తల ఆనించి, "నువ్వు పక్కనున్నావు, ధైర్యంగా ఉందే జ్యోతీ," అంది. ఇన్నేళ్ళలో ఆవిడ అన్న మొదటి మంచి మాట అది. నాగజ్యోతి ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసింది. లోపలికి తిరిగి వెళ్ళి చెప్పేయవచ్చు. తలుపు కూడా తెరిచే ఉంది. వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆమె ఎదురుచూసింది. నారు పోసిన రైతు మడి గట్టున కూర్చున్నట్టు ఎదురుచూసింది. మొదటి నెలల్లో శ్రీదేవి జావ తాగుతూ, బరువు తూచుకుంటూ మురిసిపోయింది. షుగరు తగ్గింది. మోకాళ్ళు వదిలాయి. నాగజ్యోతికి భయం వేసింది. దేవుడు దీని విషయంలో కూడా ఆవిడ పక్షమేనా అనుకుంది. దసరా దాటాక పొద్దున్నే రావడం తగ్గింది. ఫోనులో గొంతు గరగరలాడింది. దీపావళికి తమ్ముడింటికి భోజనానికి వచ్చి, నాలుగు మెతుకులు కలిపి లేచిపోయి, పెరట్లో కొళాయి దగ్గర చాలాసేపు నిలబడింది. వంటింటి కిటికీలోంచి నాగజ్యోతి చూసింది. తృప్తిగా చూసింది. ఆ పూట పుల్లనీళ్ళు వచ్చినా ఆమెకు తియ్యగానే అనిపించాయి.

మార్గశిరంలో, మార్కెట్లో కొత్త బెల్లం దిగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం శ్రీదేవి ఆటో దిగింది. రెండు వీధులకు ఆటో. చిక్కి సగమైంది. లోపలికి వచ్చి వంటింటి తలుపు దగ్గరగా వేసింది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గోడకు ఆనుకుంది.

"నీకూ ఇలాగే ఉంటాదా?" అంది.

ఈ మాట కోసమే నాగజ్యోతి ఇన్నాళ్ళూ బతికింది. ఎన్నోసార్లు లోపల్లోపల దీన్ని ఆడి చూసుకుంది. ఇప్పుడు తొందరపడలేదు. పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని తిరిగింది.

"ఉంటాదొదినా."

"ఎప్పట్నించి?"

"ఆపరేషన్ ముందు నించీ. డాక్టరుగారు అడిగినప్పుడు సెప్దామనే నోరు తెరిసేను. మీరు సెయ్యి నొక్కి లేదన్నారు."

శ్రీదేవి గుర్తు చేసుకుంటున్నట్టు కళ్ళు చికిలించింది. "గ్యాసే కదే అది. నాకూ ఉంది, మా అమ్మకీ ఉండీది. కన్నతల్లులందరికీ ఉన్నదే అనుకున్నాను. అదో రోగమని నాకెవరు సెప్పేరు? మూఢం వచ్చీత్తంది, నువ్వు బెదిరి ఎనక్కి తగ్గిపోతావేమోనని నొక్కేను."

ఇంత కాలం నాగజ్యోతి వదినను తెలిసి కత్తి దించిన మనిషిగానే చూసింది. తెలియని మూర్ఖత్వం అని ఒక్కనాడూ తోచలేదు. తోస్తే పగ నిలబడదు కాబట్టి తోచనివ్వలేదు. అయినా ఇప్పుడు తగ్గడం ఆమెకు చేతకాలేదు. తగ్గితే ఇన్నాళ్ళ మంటకు ఎవరు జవాబుదారీ?

"నాకు తెలుసొదినా," అంది. "మీకుందని తెలుసు. ఆ పద్దతి మీకు పడదనీ తెలుసు. తెలిసే లేదన్నాను. మీ ఇంట్లో బూరెలు తిని ఎల్లకిలా పడుకున్నాను సూసేరా, అదీ అందుకే."

శ్రీదేవి కొడుతుందనుకుంది నాగజ్యోతి. కొడితే బాగుండుననుకుంది.

"కసి తీరిందా?" అంది శ్రీదేవి.

"లేదు. తీరుద్దనుకున్నాను."

శ్రీదేవి నెమ్మదిగా గోడ వెంబడి జారి నేలమీద కూర్చుంది. కూర్చోగానే పుల్లనీళ్ళు వచ్చాయి కాబోలు, ముఖం చిట్లించి మింగింది. ఆ మింగడం ఎలాంటిదో ఈ లోకంలో చూడగానే తెలిసే మనిషి నాగజ్యోతి ఒక్కతే.

"నిన్ను తిట్టడానికి ఓపిక లేదే. తరవాత తిడతాను," అంది శ్రీదేవి. "ఇంట్లో ఎవరికి సెప్పినా వాము నమలమంటన్నారు. మీ అన్నయ్య కూడా అదే అంటన్నారు. ఏటి సేత్తన్నావో నువ్వు సెప్పు. ఎలగ పడుకుంటన్నావు?"

ఇప్పుడు కూడా చెప్పకపోవచ్చు. ఇది రెండో పగ. మొదటిదానికన్నా చిన్నది, పదునైనది. నాగజ్యోతి ఆ ఆలోచనను కాసేపు చేతిలో పట్టుకుని చూసింది. తర్వాత తనూ ఎదురుగా కూలబడింది.

"సెప్తాను. ముందు మీ తమ్ముడికి ఫోన్ సెయ్యండి. నాకున్నది గ్యాసు కాదు, రోగమని సెప్పండి. నేను సెప్తే నమ్మరు. మీ నోటంట ఇనాలి."

శ్రీదేవికి అది న్యాయంగానే తోచింది. ఫోను తీసి, మాట ఇద్దరికీ వినబడేలా పెట్టింది. అవతల మార్కెట్ గోల, బండ్ల చప్పుడు.

"ఒరేయ్ ప్రసాదూ. నాకు బాగాలేదురా. తిన్నదంతా పైకి తన్నీత్తంది. పడుకోలేకపోతన్నాను. ఇది గ్యాసు కాదు, ఆ ఆపరేషన్ తోటి ముదిరిన రోగం."

"అదేటక్కా, ఇప్పుడా సెప్పడం," దేవీప్రసాద్ కంగారుపడ్డాడు. "ఎన్నాళ్ళయింది? నువ్వు అలగ బాధపడతంటే నాకు సెప్పొద్దా. రేపు పొద్దున్నే కారు కడతాను, కొట్టు మూసీసి నేనే వత్తాను. ఎంత పెద్ద డాక్టరైనా పర్లేదు."

నాగజ్యోతి నేల వైపు చూస్తోంది. తాను అంతకన్నా ఎక్కువ మాటలే చెప్పింది ఆయనకు, అంతకన్నా మెల్లగా, అంతకన్నా ఎక్కువసార్లు.

"ఇనరా. జ్యోతికీ ఇదే," అంది శ్రీదేవి. "మూడేళ్ళబట్టి ఉందంట."

"దానిదా? దానిది గ్యాసక్కా. ఎప్పుడూ ఉన్నదే," అన్నాడు దేవీప్రసాద్. "దాన్ని రేపు బేగి తెమలమను. నీకు తోడు వత్తాది."

శ్రీదేవి వేలితో నొక్కి ఫోను ఆపేసి ఒళ్ళో పెట్టుకుంది. చంకనేసుకుని పెంచిన తమ్ముణ్ణి కొత్తగా చూసినట్టు ఆ ఫోను వైపు కాసేపు చూసింది. నాగజ్యోతి తన ఖాతా మళ్ళీ తిప్పి చూసుకుంది. పగ పట్టింది నిజమే, పడ్డ బాధా నిజమే. మనిషే తప్పు. వదిన ఒక్కసారి చెయ్యి నొక్కింది. ఆయన మూడేళ్ళు నోరు నొక్కాడు, పక్కనే పడుకుని గురకపెడుతూ.

శ్రీదేవి ముఖం పైకెత్తింది.

"వీడికి ఈ మజ్జిన పొట్ట బాగా వచ్చింది కదే," అంది.

నాగజ్యోతి ఆవిడ కళ్ళలోకి చూసింది. ఆవిడ నవ్వడం లేదు.

"మెట్లెక్కితే ఆయాసం కూడా వత్తందంటన్నారొదినా," అంది నాగజ్యోతి, వదినకు దగ్గరగా జరుగుతూ.